ఉరుషితో మొదటి పాత్ర: బంగారం తర్వాత, ముందు బట్ట

జపనీస్ లక్క పని అని వెతికితే నెట్‌లో కనిపించేవి ప్రధానంగా రెండు. నల్లటి పెట్టె మీద బంగారు పొడితో వేసిన కొంగలు, లేదంటే విరిగిన కప్పుని అతికించి పైన దిద్దిన బంగారు గీత. రెండూ గొప్ప పనులే. కానీ కొత్తగా నేర్చుకునేవాళ్ళు నేరుగా వాటి మీద పడితే ఉరుషి అనే పదార్థం ఎలా ప్రవర్తిస్తుందో (చెట్టు సొనతో చేసే జపాన్ లక్క ఇదే) తెలియకముందే ఖరీదైన బంగారు పొడి, సన్నటి కుంచెలు, బోలెడు టెన్షన్ నెత్తిన వేసుకోవాల్సి వస్తుంది. నా సలహా ఒకటే: మొదటి పాత్రని కన్షిత్సు పద్ధతిలో చేయండి. అంటే చెక్క లేకుండా, నారబట్టనీ ఉరుషినీ పొరలు పొరలుగా ఒక అచ్చు మీద అతికించి, గట్టిపడ్డాక అచ్చు తీసేయడం. మిగిలేది పూర్తిగా ఉరుషీ, బట్టా మాత్రమే.

ఇది తేలిక అని చెప్పడం లేదు, ఇది అసలు విషయం అని చెబుతున్నాను. ఈ రోజు జపాన్‌లో ఉరుషిని శిల్పంగా మార్చిన కళాకారులు ఎక్కువగా నిలబడింది ఈ పద్ధతి మీదే. క్యోటోలో పుట్టిన ఇషిజుకా గెంతా 2019లో లోయెవే క్రాఫ్ట్ ప్రైజ్ అనే అంతర్జాతీయ చేతిపనుల బహుమతి గెలిచారు. థర్మాకోల్ లాంటి తేలికైన బంతులని కలిపి, వాటి మీద సాగే బట్ట బిగించి, ఆపైన కన్షిత్సు పొరలు వేసి, అద్దంలా మెరిసే ఉబ్బెత్తు ఆకారాలు చేస్తారాయన. తనాకా నొబుయుకి మనిషి కంటే ఎత్తైన నల్లటి వంపులు నిలబెడతారు. ఆవోకి చియే చేసిన బొమ్మల్లో కింద మనిషి కాళ్ళు ఉంటాయి, నడుము పైనుంచి అంతా మెరిసే నల్లటి ముద్దగా కరిగిపోయినట్టు ఉంటుంది. వీటిలో ఏదీ ఒక వస్తువు మీద పూసిన పూతలా అనిపించదు, పూతే వస్తువైపోయింది.

అలాగని ఇది నిన్న మొన్న పుట్టిన ఐడియా కూడా కాదు. నారా పట్టణంలోని కొఫుకుజి గుడిలో 734 నాటి అషురా విగ్రహం ఉంది, మూడు ముఖాలు, ఆరు చేతులు, మన పురాణాల అసురుడే బౌద్ధంతో పాటు అంత దూరం వెళ్ళి బుద్ధుడికి కాపలాగా నిలబడ్డాడు. మట్టి బొమ్మ మీద ఉరుషితో నారబట్ట పొరలు అతికించి, ఆరాక కోసి, లోపలి మట్టి తీసేసి, చెక్క ఊతం పెట్టి మళ్ళీ మూసేశారు. ఒకటిన్నర మీటర్ల ఎత్తున్న విగ్రహం బరువు సుమారు 15 కిలోలే. గుడి చాలాసార్లు తగలబడింది, అంత తేలిక కాబట్టే మంటల్లోంచి బయటికి మోసుకురాగలిగారని చెబుతారు. ఇషిజుకా చేస్తున్నదీ, మీరు ఇప్పుడు చేయబోయేదీ మూలంలో అదే పని.

మనం చేసేది అరచేతిలో పట్టే చిన్న గిన్నె, 12 నుంచి 15 సెంటీమీటర్ల వెడల్పు. రెండు మూడు నెలలు పడుతుంది, అందులో చేతిపని గంటల్లోనే అయిపోతుంది, మిగతాదంతా ఆరబెట్టడం.

ముందు ఈ పదార్థం ఏంటో తెలుసుకోండి

ఏటికొప్పాక బొమ్మల మీది లక్క వేరు, ఇది వేరు. మన లక్క పురుగు స్రవించే జిగురు, తరిణె మీద అంకుడు కర్ర తిరుగుతుంటే ఆ రాపిడి వేడికి కరిగి అంటుకుంటుంది, మళ్ళీ వేడి చేస్తే మళ్ళీ కరుగుతుంది. ఉరుషి చెట్టు కారే సొన. బెరడుకి గాట్లు పెట్టి జూన్ నుంచి శరదృతువు దాకా కొద్దికొద్దిగా గీరి తీస్తారు. పది పదిహేనేళ్ళు పెరిగిన చెట్టు ఒక సీజన్లో ఇచ్చేది దాదాపు 200 గ్రాములు, ఆ తర్వాత చెట్టుని కొట్టేస్తారు, మోడు నుంచి కొత్త చిగురు వస్తుంది. జపాన్‌లో ఈ సొన ఎక్కువగా వచ్చేది ఇవాతె ప్రాంతంలోని జోబోజి నుంచి. దేశంలో వాడే ఉరుషిలో అత్యధిక భాగం మాత్రం చైనా నుంచే దిగుమతి అవుతుంది.

ఇది ఆరడం అంటే నీళ్ళు ఆవిరైపోవడం కాదు. సొనలో ఉరుషియోల్ అనే పదార్థం ఉంటుంది, దానితో పాటు లాకేస్ అనే ఎంజైమ్ ఉంటుంది. గాలిలో తేమ ఉంటేనే ఆ ఎంజైమ్ పనిచేసి ఆక్సిజన్‌తో ఉరుషియోల్‌ని గట్టి పొరగా మారుస్తుంది. అందుకే ఉరుషి ఎండలో పెడితే ఆరదు, చెమ్మలో పెడితే ఆరుతుంది. ఒకసారి పూర్తిగా గట్టిపడ్డాక నీళ్ళకీ, ఆల్కహాల్‌కీ, మామూలు ఆమ్లాలకీ లొంగదు, వేడికి మళ్ళీ కరగదు. దాని పెద్ద శత్రువు ఎండ, అతినీలలోహిత కిరణాలకి పైపొర కళ తప్పుతుంది.

దురద గురించి, దీన్ని దాటేసి చదవకండి

ఉరుషి చెట్టుది మామిడి, జీడిమామిడి కుటుంబమే. మామిడికాయ తొడిమ సొన మూతికి తగిలి పొక్కినవాళ్ళకి, పలాస వైపు జీడిపిక్కలు కొట్టే పని తెలిసినవాళ్ళకి ఈ బాధ కొత్తగా చెప్పక్కర్లేదు. చాకళ్ళు బట్టల మీద గుర్తులు పెట్టడానికి వాడిన నల్లజీడి కూడా ఇదే కుటుంబం, దాని రసం ఒంటికి తగిలితే వచ్చే పుండ్లకీ ఉరుషి దద్దుర్లకీ కారణమైన రసాయనాలు దగ్గరి చుట్టాలు. అయితే పచ్చి ఉరుషి వీటన్నిటికంటే ఘాటు.

తగిలిన వెంటనే ఏమీ తెలియదు. ఒకటి రెండు రోజుల తర్వాత ఎర్రబడి, దురద, నీటి పొక్కులు వస్తాయి, తగ్గడానికి వారం నుంచి రెండు వారాలు పట్టొచ్చు. కాబట్టి నైట్రైల్ గ్లవ్స్, పొడుగు చేతుల చొక్కా, మణికట్టు దగ్గర గ్లవ్ మీదికి టేపు. పనిలో ముఖం ముట్టుకోవద్దు, ఫోన్ ముట్టుకోవద్దు. ఒంటికి అంటితే ముందు నీళ్ళు పోయకండి, వంటనూనె రాసి దూదితో తుడిచి, మళ్ళీ నూనె రాసి తుడిచి, అప్పుడు సబ్బుతో కడగండి. మామిడి సొనకో జీడి రసానికో ఎప్పుడైనా ముఖం వాచిపోయేంత ఎలర్జీ వచ్చినవాళ్ళు ఈ పనిలోకి దిగొద్దని గట్టిగా చెబుతాను. మిగతావాళ్ళు కూడా దద్దుర్లు పెరిగితే చర్మ వైద్యుణ్ణి కలవండి, "అలవాటు పడితే పోతుంది" అనే మాట నమ్మి ఓర్చుకోకండి, కొందరికి అలవాటవుతుంది, కొందరికి ప్రతిసారీ ఇంకా ఎక్కువవుతుంది. పూర్తిగా గట్టిపడిన పాత్రతో ఈ భయం ఉండదు, జపాన్‌లో దానిలోనే సూప్ తాగుతారు.

కొనాల్సినవి

పచ్చి ఉరుషి, దాన్ని కి-ఉరుషి అంటారు, ట్యూబులో వస్తుంది. ఈ గిన్నెకి 100 గ్రాములు ఉంటే ఇబ్బంది లేకుండా సరిపోతుంది. పై పూతకి రోఇరో-ఉరుషి అనే నల్లది ఒక చిన్న ట్యూబు. ఈ నలుపు రంగు పొడి కలిపితే వచ్చింది కాదు, ఇనుముతో ఉరుషియోల్ కలిసి నల్లబడుతుంది, అందుకే ఆ నలుపుకి లోతు ఉంటుంది. తొనొకో అనే మెత్తటి మట్టి పొడి, జినొకో అనే కాస్త గరుకు పొడి. ఉరుషి పాత్రలకి పేరున్న వాజిమా ఊళ్ళో వాడే జినొకో అక్కడి డయాటమ్ మట్టిని (సూక్ష్మ నాచు అవశేషాల మట్టి) కాల్చి చేసింది, దాని సూక్ష్మ రంధ్రాల్లోకి ఉరుషి దిగి రాయిలా పట్టేస్తుంది, వాజిమా గిన్నెలు తరాల పాటు నిలవడానికి అదొక పెద్ద కారణం.

ఇవి జపాన్‌లోని ఉరుషి దుకాణాల నుంచి తెప్పించుకోవాలి. కొనేటప్పుడు ఒక్క విషయం చూడండి: పెట్టె మీద "పది నిమిషాల్లో ఆరుతుంది, దురద రాదు" అని ఉంటే అది ఉరుషి కాదు, ఎపాక్సీయో సింథటిక్ రంగో అయి ఉంటుంది. జీడిపెంకు నూనెతో చేసే ఒక రకం రంగు కూడా ఉరుషిలాగే కనిపిస్తుంది, వాడకంలో మంచిదే, కానీ ఈ పద్ధతికి అది వద్దు.

మిగతావి ఇక్కడే దొరుకుతాయి. ప్లాస్టర్ ఆఫ్ పారిస్, బియ్యప్పిండి, టర్పెంటైన్, 240 నుంచి 2000 నంబర్ దాకా వాటర్ పేపర్లు (తడిగా రుద్దే ఎమరీ కాగితాలు), ఒక మందపాటి గాజు పలక, లప్పం పెట్టే సన్నటి ప్లాస్టిక్ పట్టీలు, ఒక మెత్తటి చదును కుంచె. జపాన్ ఉరుషి కుంచె మనిషి జుట్టుతో చేస్తారు, పొడుగు జుట్టుని పల్చటి చెక్కల మధ్య బిగించి, అరిగినకొద్దీ పెన్సిల్ చెక్కినట్టు చెక్కి కొత్త కొన తీస్తారు. మొదటి గిన్నెకి అది అవసరం లేదు. బట్ట మాత్రం జాగ్రత్తగా ఎంచుకోండి: పలచగా, నేత కొంచెం వదులుగా ఉన్న లినెన్. గోనెపట్టా మరీ మోటు, పాలిస్టర్ కలిసిన బట్టకి ఉరుషి సరిగా పట్టదు.

తేమ పెట్టె

జపాన్‌లో దీన్ని మురో అంటారు, వర్క్‌షాపుల్లో చెక్క బీరువా అంత ఉంటుంది. మీకు మూత ఉన్న ప్లాస్టిక్ టబ్బు చాలు. అడుగున తడిపి పిండిన తువ్వాలు, దాని మీద జాలీ, జాలీ మీద వస్తువు, పక్కన తేమ కొలిచే చిన్న మీటరు. వేడి 20 నుంచి 25 డిగ్రీలు, తేమ 70 నుంచి 80 శాతం. వేడి 30 దాటకుండా చూసుకోండి.

మన వాతావరణం ఇక్కడ లెక్కలోకి వస్తుంది. వానాకాలం విశాఖలో తేమ దానంతటదే 80 దాటుతుంది, తువ్వాలు తడపక్కర్లేదు, పైగా పై పూతలప్పుడు మూత కాస్త తెరిచి పెట్టాల్సి రావచ్చు. ఏప్రిల్‌లో హైదరాబాద్ గాలి పొడిగా ఉంటుంది, పెట్టె బయట ఉంచిన ఉరుషి రోజుల తరబడి జిగురుగానే ఉండిపోతుంది. ఎయిర్ కండిషనర్ గదిలో తేమ ఇంకా పడిపోతుంది. మీటరు లేకుండా అంచనాతో వెళ్ళకండి, ఈ పనిలో జరిగే తప్పుల్లో సగం ఇక్కడే మొదలవుతాయి. తేమ తక్కువైతే ఆరదు, ఎక్కువైతే పైపొర గబగబా గట్టిపడి లోపల పచ్చిగా ఉండి ముడతలు పడుతుంది.

అచ్చు

నున్నటి గిన్నె ఒకటి తీసుకుని లోపల నూనె రాసి ప్లాస్టర్ పోయండి. గట్టిపడ్డాక బోర్లిస్తే గుండ్రటి దిబ్బ బయటికి వస్తుంది, అదే అచ్చు. మూతి వైపు వెడల్పుగా, అడుగు వైపు సన్నగా ఉండే ఆకారమే ఎంచుకోండి, మధ్యలో ఉబ్బి మూతి దగ్గర మూసుకునే ఆకారమైతే గిన్నె బయటికి రాదు. ఈ దశలోనే మీకు నచ్చిన ఆకారం చెక్కుకోవచ్చు: ఒక పక్క అంచు పైకి లేపండి, వంపు కొంచెం పక్కకి లాగండి. తరిణె మీద చేసిన చెక్క గిన్నె గుండ్రంగానే వస్తుంది, బట్టకి ఆ బంధం లేదు, ఆ స్వేచ్ఛ కోసమే కదా కన్షిత్సు ఎంచుకున్నది.

ప్లాస్టర్‌ని వారం పాటు ఆరనివ్వండి. తర్వాత బియ్యప్పిండి నీళ్ళలో ఉడికించి చేసిన జిగురుని అచ్చు మీద పల్చగా రెండు మూడు పూతలు వేసి, ఒక్కో పూతా పూర్తిగా ఆరాకే తర్వాతది వేయండి. చివర్లో నీళ్ళలో నానబెట్టినప్పుడు ఈ జిగురే కరిగి గిన్నెని వదులుతుంది, ఎక్కడా ఖాళీ వదలొద్దు, ముఖ్యంగా అంచు దగ్గర. దాని పైన పల్చగా ఒక కోటు పచ్చి ఉరుషి పూసి పెట్టెలో ఒక రోజు ఉంచండి.

బట్ట పొరలు

ఈ భాగంలో తొందర పడితే తర్వాత ఎంత మెరుగు పెట్టినా లాభం ఉండదు.

బియ్యప్పిండి జిగురు కొత్తగా ఉడికించి బాగా చల్లారనివ్వండి. గాజు పలక మీద జిగురు ఎంతో, పచ్చి ఉరుషి అంత వేసి పట్టీతో నూరండి. మొదట లేత గోధుమ రంగులో ఉండేది మీ కళ్ళ ముందే ముదురు గోధుమ రంగులోకి తిరుగుతుంది, గాలి తగలగానే ఎంజైమ్ పని మొదలైంది మరి. పట్టీతో లాగితే తీగలా సాగాలి, ఉండలు ఉండకూడదు. దీన్ని నోరి-ఉరుషి అంటారు.

బట్టని దర్జీలు చెప్పే క్రాస్‌లో, అంటే నేతకి ఏటవాలుగా కత్తిరించండి, వంపు మీద ముడత పడకుండా సాగుతుంది. అచ్చు మీద నోరి-ఉరుషి పల్చగా పూసి, బట్ట పరిచి, మధ్యలోంచి అంచుల వైపు వేళ్ళతో నొక్కుకుంటూ రండి. తర్వాత పై నుంచి మళ్ళీ కొంచెం పూసి, పట్టీతో గట్టిగా గీరండి. జిగురు నేత కన్నాల్లోంచి అటూ ఇటూ దిగాలి, కానీ పైన నిలవకూడదు: పని అయ్యేసరికి బట్ట దారాలు ఒక్కొక్కటీ స్పష్టంగా కనిపించాలి, వాటి మధ్య ఖాళీల్లో మాత్రం జిగురు నిండి ఉండాలి. జిగురు మందంగా మిగిలిపోతే లోపల నెల రోజులైనా మెత్తగానే ఉంటుంది. గాలి బుడగ ఉన్నచోట బట్ట రంగు కొంచెం లేతగా కనబడుతుంది, అక్కడ సూదితో పొడిచి నొక్కండి.

కొన్ని గంటలు బయట ఉంచి, ఆ తర్వాత పెట్టెలో పెట్టండి. పిండి ఉంది కాబట్టి మొదటి నుంచే బాగా చెమ్మలో పెడితే బూజు పట్టొచ్చు. రెండు మూడు రోజులు ఆగండి. గోటితో కొడితే టక్ మని గట్టి శబ్దం రావాలి, మొద్దుగా మోగితే లోపల ఇంకా పచ్చిగా ఉన్నట్టే, ఇంకో రోజు ఉంచండి. పైకి లేచిన దారపు పోగులు చాకుతో కోసేసి, తడి వాటర్ పేపర్‌తో ఒకసారి రుద్ది, అప్పుడు రెండో పొర, ఈసారి నేత దిక్కు మార్చి. ఈ సైజు గిన్నెకి నాలుగు పొరలు వేయండి. మూడుతో కూడా నిలుస్తుంది, కానీ అంచు పట్టుకుంటే కొంచెం వంగుతుంది.

ఎప్పుడూ పొడిగా రుద్దొద్దు, ఆ దుమ్ము కూడా ఒంటికి పడదు. ఎప్పుడూ నీళ్ళతోనే.

లప్పం

గోడకి రంగు వేసేముందు లప్పం పెట్టినట్టే ఇక్కడా, కాకపోతే రెండు రకాలు. మొదట గరుకుది: జినొకోని కొంచెం నీళ్ళతో తడిపి, నోరి-ఉరుషి కలిపి, బట్ట నేత పల్లాలన్నీ పూడేలా పట్టీతో లాగండి. ఆరాక 240 పేపర్‌తో రుద్ది, పల్చటి పచ్చి ఉరుషి పూసి, పైన ఉన్నదంతా కాగితంతో తుడిచేయండి, అది లోపలికి దిగి ఆ పొరని బిగిస్తుంది.

తర్వాత మెత్తనిది, పేరు సబి. తొనొకోని నీళ్ళతో చెవి తమ్మె అంత మెత్తగా కలపండి, జపాన్ పనివాళ్ళు చెప్పే కొలతే ఇది. ఆ ముద్ద ఒక వంతైతే పచ్చి ఉరుషి అందులో ముప్పావు వంతుకి కొంచెం తక్కువ. ఉరుషి తగ్గితే పొడి పొడిగా రాలిపోతుంది, పెరిగితే ముడత పడి లోపల ఆరదు. పల్చగా రెండు మూడు పూతలు, ఒక్కోదానికి ఒకటి రెండు రోజుల ఆరుదల, చివర్లో 400 పేపర్. లైటు కింద ఏటవాలుగా పట్టుకుని చూడండి, చేతికి తెలియని గుంట కూడా నీడలో దొరికిపోతుంది. ఇక్కడ వదిలేసిన గుంట నల్లటి మెరుపు పూత కింద పదింతలు పెద్దగా కనిపిస్తుంది, ఎందుకంటే అక్కడ ప్రతిబింబం వంకరపోతుంది. ఇషిజుకా పనుల్లో లైటు గీత ఆకారం మీద నీళ్ళలా జారడం చూస్తారు కదా, అది పై పూతలోని గొప్పతనం అనుకుంటాం కానీ ఈ లప్పం దగ్గరే తేలిపోయిన విషయం.

అచ్చు తీయడం

గోరువెచ్చని నీళ్ళ బకెట్లో మొత్తం ముంచి ఒక రాత్రి వదిలేయండి. అంచు దగ్గర పల్చటి పట్టీ దూర్చి నెమ్మదిగా చుట్టూ తిప్పండి, జిగురు కరిగి ఉంటే కదులుతుంది. రాకపోతే బలంగా లాగొద్దు, ప్లాస్టర్‌ని మేకుతో, సుత్తితో కొద్దికొద్దిగా పగలగొట్టండి, మిగలాల్సింది అచ్చు కాదు.

చేతిలోకి వచ్చిన గిన్నె ఎంత తేలికగా ఉంటుందో చూస్తే ఆశ్చర్యపోతారు. అంచుని కత్తెరతో, తర్వాత ఆకురాయితో సరిచేసుకోండి. కోసిన అంచులో బట్ట పొరలు గీతల్లా కనిపిస్తాయి, అక్కడ పచ్చి ఉరుషి రెండు మూడుసార్లు పట్టించండి, లేదంటే నీళ్ళు అక్కడి నుంచే లోపలికి దిగుతాయి. లోపలివైపు కూడా సబి వేసి రుద్దండి. అడుగున నిలబడటానికి అంచు కావాలంటే ఉరుషిలో కలిపిన చెక్కపొడి ముద్దతో దిద్దుకోవచ్చు, దాన్ని కొకుసో అంటారు, అషురా ముఖం మీది సున్నితమైన ఒంపులు దిద్దింది కూడా అలాంటి ముద్దతోనే.

నల్ల పూతలు

ఇక్కడి నుంచి శత్రువు దుమ్ము. ఫ్యాను ఆపేయండి, నేల తడిగుడ్డతో తుడవండి, ఉన్ని బట్టలు వేసుకోవద్దు. నల్ల ఉరుషిని పల్చటి వడపోత కాగితంలో చుట్టి మెలితిప్పి వడకట్టండి, జపాన్‌లో ఇందుకు యోషినో కాగితం వాడతారు.

కింది పూత, మధ్య పూత, పై పూత, కనీసం ఈ మూడు. ఒక్కో పూత మందం మిల్లీమీటర్లో కొన్ని వందో వంతులే ఉండాలి. కుంచెతో ముందు అడ్డంగా పరిచి, తర్వాత నిలువుగా సమం చేసి, చివరి చేయి తేలిగ్గా ఒకే దిక్కున లాగండి. కొత్తవాళ్ళు కుంచె గీతలు పోవాలని ఇంకొంచెం, ఇంకొంచెం అని పూస్తారు, ఆ మందమే రేపు ముడత అవుతుంది. పెట్టెలో పెట్టాక మొదటి రెండు గంటలు అప్పుడప్పుడూ గిన్నెని తిరగేస్తూ ఉండండి, లేకపోతే కింది వైపుకి జారి అంచున బొట్టు కడుతుంది. వర్క్‌షాపుల్లో ఇందుకోసం మురోలోనే తిరిగే ఏర్పాటు ఉంటుంది. పై పూతలకి తేమ 65 నుంచి 70 మధ్య సరిపోతుంది, నెమ్మదిగా ఆరితేనే మంచిది.

ప్రతి పూత తర్వాతా మూడు నాలుగు రోజులు ఆగి, 800 నుంచి 1000 పేపర్‌తో తడిగా రుద్ది మెరుపు పూర్తిగా తీసేయండి. మెరిసే చుక్క ఎక్కడైనా మిగిలిందంటే అది పల్లం. పని అయిపోయాక కుంచెని టర్పెంటైన్‌తో కాదు, వంటనూనెతో కడిగి, నూనెలోనే ఉంచండి. మళ్ళీ వాడేముందు ఆ నూనెని ఉరుషితో బాగా పిండి తీసేయాలి, నూనె మిగిలితే ఆ పూత ఆరదు.

మెరుగు

పై పూత వేసి ఊరుకుంటే దానిదీ ఒక అందం, మృదువైన మెరుపు. అద్దం మెరుపు కావాలంటే రోఇరో పద్ధతి. రెండు వారాలు ఆగి, బొగ్గుతో గానీ 1500, 2000 పేపర్లతో గానీ రుద్ది మొత్తం బూడిద రంగు మసకగా చేయండి. మెత్తటి తొనొకో, వంటనూనె కలిపి గుడ్డతో రుద్దండి, తర్వాత నూనె అంతా తుడిచేయండి. పచ్చి ఉరుషిని దూదితో అతి పల్చగా పట్టించి, కాగితంతో ఏమీ మిగలలేదనిపించేదాకా తుడిచి, పెట్టెలో ఒక రోజు ఉంచండి. మళ్ళీ నూనె చుక్క, అతి మెత్తటి పొడి, ఈసారి వేలి కొసలతో. పాత పనివాళ్ళు జింక కొమ్ము కాల్చిన పొడి వాడేవాళ్ళు, ఇప్పుడు టైటానియం పొడి కూడా వాడతారు. వేలి కింద ఒక్కసారిగా పట్టు దొరికినట్టు బిగుతుగా అనిపిస్తుంది, ఆ చోట నలుపు లోతుగా తెరుచుకోవడం కనిపిస్తుంది. ఇలా రెండు మూడు విడతలు.

రంగు, అలంకారం

మొదటి గిన్నెని నల్లగానే వదిలేయమంటాను, ఆకారమే మాట్లాడనివ్వండి. రంగు కావాలంటే ఇనుము ఆక్సైడ్ ఎరుపు, దాన్ని బెంగరా అంటారు, అది మంచిది. ఇంగిలీకం పాదరసంతో కూడినది కాబట్టి ఇంట్లో దాని జోలికి వెళ్ళొద్దు. ఎరుపు త్వరగా ఆరితే నల్లబడిపోతుంది, తక్కువ తేమలో నెమ్మదిగా ఆరనివ్వండి, నెలలు గడిచేకొద్దీ ఉరుషి పారదర్శకమై రంగు ఇంకా తేటపడుతుంది. తెల్లరంగు మాత్రం రాదు, ఎంత తెల్లపొడి కలిపినా లేత కాఫీ రంగే వస్తుంది. అందుకే తెలుపు కావాల్సిన చోట గుడ్డు పెంకు ముక్కలు పొదుగుతారు, కౌజు పిట్ట గుడ్డు పెంకు పల్చగా ఉంటుంది కాబట్టి దానితో మొదలుపెట్టండి.

ఇలాంటి పనులని ఎదుట నిలబడి చూసే వీలుంటే జపాన్‌లోని కనజావా వెళ్ళండి, టోక్యోలో ఉన్న జాతీయ చేతికళల మ్యూజియం 2020లో అక్కడికి మారింది. అక్కడి నుంచి ఉత్తరానికి వెళితే వాజిమా. 2024 జనవరి 1న వచ్చిన భూకంపంలో, ఆ రాత్రి మంటల్లో ఆ ఊరి ఉరుషి వర్క్‌షాపులు ఎన్నో పోయాయి, ఆ సెప్టెంబర్లో వరదలు కూడా వచ్చాయి. అక్కడివాళ్ళు మళ్ళీ పని మొదలుపెట్టుకుంటున్నారు. మీకు ఒక ఉరుషి వస్తువు కొనాలని ఉంటే వాజిమాది కొనండి, చేతిలో మీ గిన్నె కూడా ఉంటే దాని ధర ఎందుకంతో ఎవరూ చెప్పనక్కర్లేదు.

వాడకం

పూర్తయిన గిన్నెని నెల, వీలైతే రెండు నెలలు గాలి తగిలేచోట ఉంచాకే తిండికి వాడండి, వాసన పూర్తిగా పోవాలి. తర్వాత మామూలుగా మెత్తటి గుడ్డ, కొంచెం సోపు, నీళ్ళు. మైక్రోవేవ్, డిష్ వాషర్, స్టీలు పీచు వద్దు, కిటికీ పక్క ఎండలో పెట్టొద్దు. గీత పడితే పచ్చి ఉరుషి పల్చగా పట్టించి తుడిచి పెట్టెలో ఉంచితే చాలావరకు కప్పుకుపోతుంది, అంచు పగిలితే సబి పెట్టి మళ్ళీ నలుపు వేయొచ్చు. మిగిలిపోయిన ట్యూబులని మూత గట్టిగా బిగించి ఫ్రిజ్‌లో, పిల్లల చేతికి అందకుండా పెట్టండి. కి-ఉరుషి పాతబడేకొద్దీ ఆరడం నెమ్మదిస్తుంది, అందుకని వాడబోయే ముందు ఒక గాజు ముక్క మీద పూసి ఒక రోజు చూసుకోండి.